బామ్మర్ది చెప్పాల్సిన మాట

ఆ తాటిచెట్టు దాటగానే చెప్పేస్తాననుకున్నాను. తాటిచెట్టు దాటింది, నేను దాటేశాను. ఇదిగో ఇంకో తాటిచెట్టు. బాహూరు చెరువుకు నీళ్ళు తెచ్చే ఈ బంగారు వాయ్కాల్ గట్టు మీద వాటికేం కొదవ, పెళ్ళిపందిట్లో రెండో పంక్తి కోసం కాచుకున్న చుట్టాల్లాగా వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కొక్కదాన్నీ పలకరించుకుంటూ పోతే జన్మంతా దాటేస్తూనే పోవచ్చు. కానీ గట్టుకు చివర అనేది ఒకటుంది. చివర చెరువుంది, చెరువు తూము దగ్గర మేం ఎప్పుడూ సైకిళ్ళు దిగే అరుగుంది, అక్కడ నీళ్ళు తాగి వెనక్కి తిరుగుతాం. ఆ అరుగు వదిలేలోపల మా రఘునాథన్ బావతో ఒక మాట చెప్పాలి. బావా, నీ కడుపులో ఉన్నది పుండు కాదు, కేన్సరు. ఇంజెక్షన్లు ఆపింది నయమై కాదు, ఇంక వేసి లాభం లేక. ఇంతే మాట. నిన్న సాయంత్రం నుంచి నోట్లో నానబెడుతున్నాను, శనగలైతే ఈపాటికి మొలకలొచ్చేవి. ఏ మాట దొరికినా మెలితిప్పి, తలకిందులు చేసి, దాని జేబులోంచి ఇంకో మాట లాగి చూపించే విజయరంగన్‌కు, అంటే నాకు, ఈ ఒక్కమాట తిప్పబుద్ధి కావడం లేదు, తిన్నగా చెప్పబుద్ధీ కావడం లేదు.

చెప్పమన్నది మా నిర్మలక్క, ఆయన పెళ్ళాం. వద్దన్నది వాళ్ళమ్మాయి అభినయ. పోయిన అమావాస్యనాడు ఆస్పత్రి వరండాలో డాక్టరు మా ముగ్గుర్నీ నిలబెట్టి, సగం తమిళంలో సగం ఇంగ్లీషులో చెప్పి, సంక్రాంతితో మొదలయ్యే తై నెల చూస్తే గొప్ప అని నా భుజం తట్టి పోయాడు. భుజం తట్టడానికి నన్నే ఎందుకు ఏరుకున్నాడో, నా మొహంలో ఏమైనా గెలిచినవాడి కళ కనబడిందో. అభినయ నా చెయ్యి పట్టుకుంది. "నాన్నకి చెప్పొద్దు మామా, తెలిస్తే రేపే పండుకునేస్తారు." అక్క ఏమీ అనలేదు, ఏడవలేదు. ఇన్నాళ్ళూ అనలేదు. నిన్న సాయంత్రం బావ సైకిలు బయటికి తీసి చైనుకు నూనె పెడుతూ "తైలో పోతాంగా, ఇప్పట్నించే ఒళ్ళు అలవాటు చేసుకోవాల" అన్నప్పుడు, చీర చెంగు నడుములో దోపుకుని నన్ను పెరట్లోకి పిలిచింది. "చెప్పు రంగా. తెలీకుంటే ఆ మనిషి తై కోసరం కాచుకోని ఉంటాడు. తెలిస్తే ఇప్పుడే పోతాడు. కాళ్ళల్లో బలం ఉండంగానే పోనీ."

పోనీ అంటే ఎక్కడికో చెప్పాలి, లేకపోతే మా అక్క మాట తప్పుగా వినబడుతుంది. పుదుచ్చేరికి ఉత్తరాన మరక్కాణం దగ్గర మొదలవుతుంది బకింగ్‌హాం కాలువ. సముద్రానికి పక్కపక్కనే, సముద్రంతో మాటల్లేని దాయాదిలాగా, పైకి పైకి పోయి చెన్నపట్నం దాటి, పులికాటు దాటి, నెల్లూరు సీమలోకి పోతుంది. సగం పూడిపోయింది, సగం మురుగైపోయింది, అయినా మా బావకు అది కాలువ కాదు, దారి. మావాళ్ళు ఎన్నో తరాల కింద ఆ దిక్కు నుంచే దిగి వచ్చారు. మాకొక ఇంటిపేరుంది, ఆ పేరుగల ఊరు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలుగు మా నోళ్ళకు వచ్చు, కళ్ళకు రాదు. బావకైతే 'అ' రాసి చూపిస్తే జిలేబీ కదా అంటాడు. ఆయన కోరిక ఆ ఊరు కనుక్కోవడం కూడా కాదు. కాలువగట్టునే సైకిలు మీద పోతూ పోతూ, ఎక్కడో ఒక టీకొట్టు దగ్గర దిగి, దారి తెలుగులో అడగాలి, జవాబు తెలుగులో రావాలి. "అంతేరా రంగా. మన ఇంట్లోవాళ్ళు కాకుండా, బయటోడు, ముక్కూమొహం తెలీనోడు, నాతో తెలుగు మాట్లాడాల. వాడు నన్ను తిట్టినా సరే." బకింగ్‌హాం కాదు బావా, నువ్విట్లా చిక్కిపోతుంటే బక్కింగ్‌హాం అంటారు దాన్ని, అన్నాను ఒకసారి. అప్పటికి మాకు తెలియదు, అప్పటికది జోకు.

ఇప్పుడాయన ముందు పోతున్నాడు. తొక్కుతున్నాడు, బాగానే తొక్కుతున్నాడు, అదే బాధ. చొక్కా గాలికి ఉబ్బుతోంది, లోపల మనిషి తక్కువ, గాలి ఎక్కువ. కాలువలో నీళ్ళు తేనీరు రంగులో ఉన్నాయి, వానలు ఇంకా ఊపందుకోలేదు. ఒక నీలం పిట్ట, మీనుకొట్టి, కరెంటు తీగ మీద కూర్చుని నీళ్ళలోకే చూస్తోంది, పరీక్ష హాల్లో పక్కవాడి కాయితం చూసే పిల్లాడిలాగా. ఎక్కడో మోటారు కొడుతోంది, టకటకటక, ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు, నడుములన్నీ ఒకే కొలతకు వంగి ఉన్నాయి, ఎవరో ఒకామె నవ్వుతోంది, ఏం నవ్వమ్మా అది, పొద్దున్నే, అట్లా ఎట్లా వస్తుంది. ఊరూరి వాళ్ళు మందు కోసం పుదుచ్చేరికి వస్తారు, వారాంతమైతే కార్లు కార్లుగా దిగుతారు, వీధివీధికీ మందు కొట్లే, మా బావకు మాత్రం పుదుచ్చేరిలో మందు లేదు. చూశారా, వచ్చేసింది. పిలవకుండా వస్తుంది. నేను ఏడుద్దామని నోరు తెరిస్తే నోరు దాని పని అది చేసుకుపోతుంది. కీమో అన్నారు, కీమో పనిచేస్తుందా అంటే ఏమో అన్నారు. ఆపరా. ఆపు.

"ఏందిరా ఇయాళ, నోటికి పంచరైందా?" బావ తల తిప్పకుండానే అరిచాడు.

"పంచరు కాదు బావా, పంచడానికి ఏమీ లేక."

భుజాలు కదిలాయి. నవ్వాడు. ఎంత చెత్త మాటకైనా నవ్వుతాడు మా బావ, లోకంలో నా సరుకంతా చెల్లే ఒకే ఒక్క అంగడి.

మా ఇళ్ళల్లో ఇదొక మర్యాద, అందుకే అక్క నన్ను పంపింది. అల్లుడి మొహాన చేదుమాట అత్తమామలు చెప్పరు, పెళ్ళాం చెప్పదు, బామ్మర్ది చెబుతాడు, అదీ వేళాకోళంగా చెబుతాడు. బావను ఏమన్నా అనొచ్చుననే లైసెన్సు అక్క మెళ్ళో తాళి పడ్డరోజే మాకు వచ్చేస్తుంది, రెన్యువల్ కూడా అక్కర్లేదు. పెళ్ళిలో మావాళ్ళ ఆనవాయితీగా ఆయన కాలివేలికి మెట్టె తొడిగింది నేనే, ఇదిగో బావా సంకెల, తాళం మా అక్క దగ్గరుంది అన్నాను, పందిరంతా నవ్వింది. ఆయన బీడీలు మా అమ్మకు గిట్టకపోతే నన్నే తోలారు. బావా, నీ బీడీ కంటే మా అమ్మ ఎక్కువ కాలుతోంది అన్నాను, కానీ నువ్వు మానేస్తే నీకు చేపలపులుసు రెండు పూటలా అంటోంది అని కూడా అన్నాను. మానేశాడు. ఆయన పనిచేసే మిల్లు మూసేసినప్పుడు గేటు దగ్గర గుంపులో వెనకాల ఎక్కడో నిలబడి ఉన్నాడు, నోటీసులో ఏముందో ముందున్న నాకే తెలిసింది. బావా, మిల్లు నిన్నింక మిల్లీమీటరు కూడా లోపలికి రానివ్వదంట. నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఊఁ, మిగిలింది చెప్పు" అన్నాడు. మిగిలింది ఉంటుంది, ఎప్పుడూ ఉండేది, అదే నా పద్ధతి. మొదటి సగం కాలుస్తుంది, రెండో సగం వెన్న రాస్తుంది. మిల్లు మూశారు గానీ నీ కాళ్ళు మూయలేదు కదా బావా, ఊళ్ళోకి వచ్చే టూరిస్టులకు మన కాలువలు చూపిద్దాం పద, అన్నాను.

అట్లా మొదలైంది ఈ సైకిల్ టూరు. తెల్లవారుజామున బీచి దగ్గర నాలుగు సైకిళ్ళు, నలుగురు కొత్తవాళ్ళు. ఊరి నడుమ ఒకవైపు దొరల వీధులు, ఒకవైపు మన వీధులు, మధ్యలో గ్రాండ్ కెనాల్, పేరు గ్రాండు, వాసన ఇంకా గ్రాండు, ముక్కు మూసుకుని చరిత్ర వినండి అనేవాణ్ణి. తర్వాత అరియాంకుప్పం వంతెన, ఏటి ఒడ్డున మడచెట్లు, ఆపైన పొలాల మధ్య సన్నటి పచ్చని బాటలు, బాహూరు. బావ ముందు, నేను వెనక. ఆయన దారి చూపిస్తాడు, నేను నోరు చూపిస్తాను. ఎవరో ఒక చెన్నపట్నం ఆవిడ ఆయన్ను అడిగింది, మీరేం మాట్లాడరా అని. బావ నన్ను చూపించి, "నా వంతు కూడా ఆయనే మాట్లాడేస్తాడమ్మా" అన్నాడు. ఆయన వంతు. ఆయన వంతు మాట ఇప్పుడు నా నోట్లో ఉంది.

మేకల్ని తోలుకుంటూ పాప్పాత్తి ఎదురొచ్చింది, గట్టు మీద మమ్మల్ని ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న మనిషి, అరవం కలిపిన మా తెలుగే మాట్లాడుతుంది. మేకలు సైకిలు కింద దూరితే బావ కాలు నేలకు ఆనించి ఆగాడు. "ఏందయ్యా రఘునాథా, ఎండబెట్టిన చేప మాదిరి అయిపోయినావే!" అంది. "బరువు తగ్గిచ్చినా పెద్దమ్మా, దూరం పోవాల, సైకిలు మొయ్యొద్దా" అన్నాడు బావ. "యాడికి?" "తెలుగుదేశానికి." "ఓయమ్మా, యా బస్సు పోతాది అక్కడికి?" "బస్సు ఎందుకు, కాలువ పోతాది." పాప్పాత్తి నా వైపు తిరిగి కర్రతో నా హ్యాండిల్ మీద ఒకటి కొట్టింది. "నువ్వేంది చూస్తా ఉండావు? బామ్మర్దివి గదా, నువ్వన్నా చెప్పకూడదా ఆయనకి?" కొంచెం తినమని చెప్పమంటోంది. తినమని. చెబుతాలే పెద్దమ్మా అన్నాను. గొంతులో మేక గొంతు వచ్చింది, నా మాటకు ఆమె మేకపిల్ల ఒకటి తిరిగి చూసింది.

చెప్పకుండా ఉంటే ఏమవుతుంది. చెప్పకుండా ఉంటే ఈ మనిషి వానలు చూస్తాడు, ఐప్పసి నెల చూస్తాడు, కార్తీకం చూస్తాడేమో, పొద్దున లేచి నొప్పిని పుండు అని పిలుస్తాడు, పుండుకు మజ్జిగ తాగుతాడు, తై వస్తే పోదాం అంటాడు. తై రాకముందే మంచం వస్తుంది. అప్పుడు మరక్కాణం దాకా కూడా పోలేని కాళ్ళతో పైకప్పును చూస్తూ, ఒరే నీకు ముందే తెలుసునా అని అడుగుతాడు. చెబితే? చెబితే ఈ తొక్కుడు ఆగిపోతుంది. ఇదిగో ఇప్పుడు గుంత తప్పించాడే, చిన్నగా నడుం ఊపి, పాతికేళ్ళవాడిలాగా, ఆ ఊపు పోతుంది. ఏ మనిషికైనా తాను పోతానని తెలుసు, కానీ గడువు తెలిసిన మనిషి గుంత తప్పించుకోవాలని ఎందుకనుకుంటాడు. అభినయ అన్నది నిజం. అక్క అన్నది కూడా నిజం. రెండు నిజాల మధ్య సన్నటి గట్టు మీద నేను సైకిలు తొక్కుతున్నాను, ఎటు ఒరిగినా నీళ్ళే. మావాళ్ళల్లో భర్త పోతే పుట్టింటివాళ్ళు తెచ్చే కొత్తచీరను అరవంలో కోడి అంటారు. చిన్నప్పటి నుంచీ ఎవరింట్లో చావైనా నేను ఆ జోకు వేస్తూనే ఉన్నాను, కోడి తెచ్చారా, కూర చేశారా, అని, ముసలివాళ్ళు కూడా ఏడుపులో నవ్వేవారు. అక్కకు పుట్టిల్లంటే ఇప్పుడు నేనే. ఆ చీర నేనే కొనాలి. కొట్టువాడు ఏ రంగు కావాలండీ అంటాడు. అక్కకు ఆకుపచ్చ అంటే ఇష్టం. ఈ పొలాల ఆకుపచ్చ. బతికున్న మనిషి నా ముందు గంట కొడుతూ పోతుంటే నేను ఆయన చావుకు చీర రంగు ఏరుకుంటున్నాను, ఛీ.

ఇంక తాటిచెట్లు లేవు. గట్టు వెడల్పయింది, గాలి చల్లబడింది, ఒక్కసారిగా కళ్ళనిండా నీళ్ళు, చెరువు. అరవంలో చెరువును ఏరి అంటారు. టూరిస్టుల్లో తెలుగువాళ్ళుంటే ఇక్కడ నేను చెయ్యి చాచి, ఇదే బాహూరు ఏరి, మరి బాహూరువాళ్ళు ఏరీ? అనేవాణ్ణి. ఇవాళ నీళ్ళు అంతదూరం ఖాళీగా ఉంటే ఆ మాట నోటిదాకా వచ్చి, అర్థం మార్చుకుని, లోపలికే పోయింది. బావ తూము అరుగుకు సైకిలు ఆనించాడు. కూర్చోవడానికి ముందు ఒక చేత్తో అరుగు పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి కడుపు మీద పెట్టుకున్నాడు, నేను చూడలేదనుకుని. సీసా మూత తీసి తాగాడు. గొంతులో ఎముక పైకి కిందికి కదిలింది.

"పరవాలేదురా. ఇంత దూరం వచ్చినాను గదా, ఆయాసం లేదు. తైకి బాగా తేరుకుంటాను. నువ్వు ఆపీసులో సెలవు అడిగి పెట్టుకో."

"బావా, నీకు కేన్సరు" అన్నాను. "పుండు కాదు. ఇంజెక్షన్లు నయమైపోయి ఆపలేదు, ఇంక లాభం లేదని ఆపినారు. తై దాకా కష్టమని డాక్టరు చెప్పినాడు."

నవ్వాడు. గట్టిగా, తల వెనక్కి వేసి, నోట్లో మిగిలిన నీళ్ళు గడ్డం మీదికి జారేంతగా. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది, ఆయన తప్పు కాదు, బామ్మర్ది నోటి నుంచి వచ్చినదానికి మొదట నవ్వాలి. మణికట్టుతో గడ్డం తుడుచుకున్నాడు. "ఊఁ. మిగిలింది చెప్పు" అన్నాడు.

చెరువులో ఎక్కడో ఒక చేప ఎగిరి పడింది. నేను వెతికాను, నిజంగా వెతికాను, ఏదైనా రెండో సగం, వెన్నముద్దంత, వేలిమీద రాయడానికి, ఇన్నేళ్ళుగా మాటల మూటలు మోసినవాడికి అడుగున ఒక్క గింజైనా ఉండదా అని. "మిగిలింది లేదు బావా. ఇంతే" అన్నాను.

నవ్వు ఇంకా ఆయన మొహం మీదే ఉంది. దాన్ని దించడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు. సీసా మూత పెట్టాడు, మర తప్పింది, తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తప్పింది, మూడోసారికి సరిగ్గా పడింది. అప్పటికి మొహం ఖాళీ అయింది.

"నిర్మలకి తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పోయిన అమావాస్య నుంచి."

"ఒక్కతేనా?"

"లేదు బావా, నేనున్నాను, అభినయ ఉంది, అందరం..."

"అది కాదురా నేనడిగేది. నా పక్కన పండుకోని. నేను గురక పెడతా ఉంటే. ఒక్కతేనా?"

ఆయన నీళ్ళ మీద కొంగలు లెక్కపెడుతున్నట్టు పెదాలు కదుపుతూ కూర్చున్నాడు, కాదు, లెక్క కాదు, ఆ అమావాస్య తర్వాతి రోజుల్ని ఒక్కొక్కటిగా తీసి వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు, ఆ రోజు ఆమె పాలు ఎందుకు పొంగించేసింది, ఆ రోజు పెరట్లో అంతసేపు ఏం చేసింది, నేను చూసినవి కొన్ని, చూడనివి ఎన్నో. నాకు భయమేసింది. భయమేస్తే నాకు మాటలొస్తాయి. "రేపే పోదాం బావా మరక్కాణం. నేనూ వస్తా. ఆపీసుకు సెలవు పెట్టేస్తా, ఇవ్వకపోతే ఆపీసుకే సెలవిచ్చేస్తా. సైకిళ్ళు వ్యాన్లో వేసుకునైనా సరే, పులికాటు దాటిచ్చేస్తా నిన్ను. టీకొట్టు యాడుందో నేను వెతుకుతా. అక్క నిన్ను పొమ్మంది, అందుకే చెప్పమంది, నువ్వు పోవాల బావా..."

"లేదురా" అన్నాడు. లేచాడు, ఈసారి అరుగు పట్టుకోలేదు, నా భుజం పట్టుకున్నాడు. "ఇంటికి పోదాం. పొద్దుననంగా వచ్చినాం, ఒంటిగా ఉంటాది."

"మరి కాలువ?"

"కాలువకేం. నేను చూడకుంటే నిలబడిపోతాదా." అరుగుకు ఆనించిన సైకిలు లాగాడు. "పద. అది ఇడ్లీ ఎత్తిపెట్టి కూర్చోనుంటాది, తినకుండా."

అక్క లెక్క తప్పింది. తెలిస్తే పోతాడనుకుంది, తెలిసి తన దగ్గరికే వస్తున్నాడు. ఎవరికి చెప్పి నవ్వాలి ఇది, ఎవరికి చెప్పి ఏడవాలి. తిరుగుదారిలో గాలి సముద్రం వైపు నుంచి ఎదురు కొట్టింది. ఆయన తొందరగా పోవాలని తొక్కుతున్నాడు, వచ్చేటప్పుడు లేని తొందర, పెదాలు బిగించి, హ్యాండిల్ మీదికి వంగి. గట్టు దిగి తారు రోడ్డు ఎక్కే చోట మిట్ట ఉంది. సగంలో సైకిలు వంకరలు పోయింది, చక్రం అటూ ఇటూ ఊగింది, దిగుతాడనుకున్నాను, దిగలేదు. నేను పక్కకు వచ్చాను. ఒక చేత్తో నా హ్యాండిల్ పట్టుకుని రెండో చెయ్యి ఆయన వీపు మీద పెట్టి తోశాను. చొక్కా కింద చెమట, చెమట కింద ఎముకలు, వరసగా, అన్నీ చేతికి తెలిశాయి. ఇద్దరం కలిసి మిట్ట ఎక్కాం. తర్వాత రోడ్డు అరియాంకుప్పం వైపు కిందికి వాలింది, చక్రాలు వాటంతటవే పరుగెత్తాయి.

"దిగుడు వచ్చేసిందిలే" అన్నాడు బావ. "చెయ్యి తియ్యరా."

తియ్యలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.